రాతికి నోరున్నది: బళ్లారి సీమ వీరగల్లులను గూర్చి కొంత విమర్శ

రాతికి నోరు లేదని లోకమున నొక మాట కలదు. బళ్లారి సీమలో పెరిగిన మాకు ఈ మాట యెన్నడును పూర్తిగా సరిపడలేదు. కప్పగల్లు కొండ నెక్కి, అచటి నల్లని బండలలో కొన్నింటిని గుప్పెడు రాతితో తట్టినచో అవి గుడిగంటవలె ఖంగున మ్రోగును. ఆ బండలపై దెబ్బలకు పడిన గుంటలు నునుపెక్కి యున్నవి. వేలయేండ్ల క్రిందట ఎవరో అచట నిలిచి వానిని వాద్యములుగా వాడుకొనిరనుటకు ఆ గుంటలే సాక్ష్యము. నోరు రాతికి లేదా, చెవి మనకు లేదా యను సందేహము ఆ కొండపై నిలిచినపుడెల్ల మాకు కలుగుచుండును.

ఈ వ్యాసమునకు ముఖ్యవిషయము ఆ కొండ కాదు. మన పల్లెల పొలిమేరలలోను, చెరువుకట్టల మీదను, గుడి ముంగిళ్లలోను సగము పాతుకొనిపోయి నిలిచియున్న వీరగల్లులను గూర్చి కొంత ముచ్చటింపవలెనని మా కోరిక. అయినను కొండనుండి మొదలిడుటకు కారణము కలదు. అది ముందు చదువువారికే తెలియగలదు.

కప్పగల్లు అను పేరులోనే కల్లున్నది. కన్నడమున కల్లనగా రాయి. కప్పనగా నలుపు, ఈ యర్థము తెలుగు నిఘంటువులలోను గలదు. కొండ నడుమ నల్లని డోలరైటు రాతి కట్ట యొకటి సాగియున్నది గనుక, నల్లరాతి యూరని ఆ పేరునకు అర్థము చెప్పుకొనుట సహజముగనే తోచును. పొరుగూరు సంగనకల్లు, అందును కల్లే. ఈ రెండూళ్ల నడుమ కొండలలో నవీన శిలాయుగపు జనులు నివసించిరి. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు రాతిగొడ్డండ్లను చేసిన కార్ఖానా యొకటి యిచట నుండెనని గుర్తించెను. హ్యూబర్ట్ నాక్స్ కంటబడిన కొండ చెక్కడములను గూర్చి ఫాసెట్ 1892లో ప్రకటించెను. సంగనకల్లున 1948 ప్రాంతమున సుబ్బారావుగారును, 1960 తరువాత అన్సారీ, నాగరాజరావుగార్లును త్రవ్వకములు జరిపిరి. మ్రోగెడు బండల సంగతిని, చెక్కడముల సంగతిని జోడించి నికోల్ బోవిన్ అను విదుషి 2004లో వ్రాసిన తరువాత కప్పగల్లు పేరు ప్రపంచమున పలువురికి తెలిసినది. చుట్టుప్రక్కల కంకర కొరకు బండలు పగులగొట్టుచున్నారను ఆందోళనయు అప్పుడే లోకమునకు వినవచ్చినది.

ఆ చెక్కడములలో ఎక్కువగా కనబడునది యేది? ఎద్దు. మూపురము, పొడుగు కొమ్ములు గల యెద్దులు బండ బండకును కానవచ్చును. వాని నడుమ విల్లును ఆయుధమును చేతబట్టిన మనుష్యుల రూపములును కొన్ని కలవు. కొండ దాపుననే పెద్ద బూడిద దిబ్బ యొకటి యుండెను. బళ్లారి నుండి హోసపేటకు పోవు దారిలో కుడితినివద్ద మరియొకటి కలదు. హంపి చెంత నింబాపురపు దిబ్బను వాలిని దహించిన తావని జనులు చెప్పుకొందురు. ఇవి రాక్షసుల చితులు కావనియు, పశువుల దొడ్లలో పేరుకొన్న పేడను కాల్చగా మిగిలిన బూడిద యనియు పండితులు నిర్ణయించినారు. మహబూబునగరము మండలమున ఉట్నూరులో 1957లో త్రవ్విన ఆల్చిన్‌గారు, దక్షిణాపథపు ఆ పశుపాలకులను గూర్చి 1963లో ఒక గ్రంథమే వెలువరించిరి. కావున మా సీమలో రాతిపై మొదట చెక్కబడిన ధనము బంగారము కాదు, భూమి కాదు, పశువు.

ఇప్పుడు వీరగల్లు కడకు వత్తము. వీరగల్లులలో మిక్కిలి విరివిగా చెప్పబడిన మరణకారణము గోగ్రహణము. పొరుగూరి దండు వచ్చి మందను తోలుకొనిపోవగా వెంటనంటి విడిపించుచు మడిసినవాడు ఒకడు. ఏలిక యాజ్ఞపై మందను తోలి తెచ్చుచు మడిసినవాడు వేరొకడు. ఇద్దరికిని రాళ్లు కలవు. తిక్కన విరాటపర్వమున చదివి మనము పులకించిన గోగ్రహణము వట్టి పురాణకథ కాదని, మన తాతల తాతలకు అది ఏటేట సంభవించెడు గ్రామవిపత్తని ఈ రాళ్లు చెప్పుచున్నవి. కప్పగల్లు బండపై ఎద్దును చెక్కిన చేతికిని, వీరగల్లు అడుగున ఆలమందను చెక్కిన చేతికిని నడుమ రెండువేల యేండ్లకు పైబడిన యెడ మున్నది. వంశపరంపర యొకటే యని మేము చెప్పజాలము. నేల యొక్కటే, ధనమొక్కటే, భయమొక్కటే యని మాత్రము చెప్పగలము.

వీరగల్లు నెట్లు చదువవలెను? పుస్తకమును పైనుండి క్రిందికి చదువుదుము. వీరగల్లును క్రిందినుండి పైకి చదువవలెను. సామాన్యముగా మూడంతస్తులుండును. అడుగు అంతస్తున పోరు. వీరుడు విల్లెక్కుపెట్టియో, బాకు దూసియో నిలుచును. అతని పాదములకడ పడిన శత్రువులు, ప్రక్కన మంద. నడిమి అంతస్తున అప్సరసలు వీరునికి ఇరువైపుల చేతులూది పైకి గొనిపోవుదురు. కొన్నింట విమానము, వింజామరలు నుండును. పై అంతస్తున కైలాసము. శివలింగము, నంది, పూజారి, చేతులు మోడ్చి కూర్చున్న వీరుడు. జైనుడైనచో లింగమునకు మారుగా జినమూర్తి. అన్నిటికిని పైన సూర్యచంద్రులు. వీరుని కీర్తి ఆచంద్రార్కమని వేరే చెప్ప నక్కరలేదు. అంతస్తుల నడుమనున్న పట్టెలమీద శాసనముండును. పెక్కింట అదియు లేదు.

ఈ పద్ధతి ఒక్కనాట పుట్టినది కాదు. ఆంధ్రదేశమున దీనికి పూర్వరూపము నాగార్జునకొండ ఛాయాస్తంభములలో గానవచ్చును. క్రీస్తుశకము 3వ శతాబ్దమున ఇక్ష్వాకు ప్రభువు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు గతించిన పిదప, వీరపురుషదత్తుని 20వ రాజ్యసంవత్సరమున అతని తల్లులు, అక్కచెల్లెండ్రు, భార్యలు కలిసి స్తంభమెత్తిరి. ఆ స్త్రీల పేర్లు వరుసగా దానిపై చెక్కబడినవి. రాజు సంగతి సరియే; సేనానులకును, పనివారిలో ప్రముఖులకును కూడ అచట ఛాయాస్తంభములున్నవి. మృతుని 'ఛాయ'ను రాతిలో నిలుపుట యను ఆ పేరే యెంత చక్కనిది! తరువాతి శతాబ్దములలో ఆ ఛాయ ఒంటి పలకనుండి రెండు, మూడు అంతస్తులకు పెరిగినది. 9, 10 శతాబ్దములనాటికి రాష్ట్రకూట, గాంగ, నొళంబ, బాణ, వైదుంబ ప్రభువుల పోరులవలన దక్షిణాపథమంతయు వీరగల్లులతో నిండినది. కల్యాణి చాళుక్యుల కాలమున, అనగా 11, 12 శతాబ్దములలో, ఆ శిల్పము మిక్కిలి నునుపు దేరినది.

ఇక విమర్శ. శిల్పశాస్త్రము నెరిగినవారు కొందరు వీరగల్లులను కళగా నంగీకరింపరు. 'ఒక్కటి చూచిన నూరు చూచినట్లే. అన్నియు ఒకే యచ్చున పోసినవి. ముఖములొక్కటే, గుఱ్ఱపు కాళ్లు వంకర' యని వారి యాక్షేపణ. ఇందు సత్యము లేకపోలేదు. పల్లెటూరి శిల్పి హంపి విఠలాలయపు శిల్పి కాడు. గుఱ్ఱమును ప్రక్కనుండి చెక్కుచు రౌతును ఎదుటినుండి చెక్కిన రాళ్లు కలవు. అప్సరసలు వీరుని పట్టుకొన్న తీరు కొన్నింట కావడి మోసినట్లే యుండును. ఈ దోషములను దాచిపెట్టుట విమర్శ కాదు.

అయినను ఒకే యచ్చనుట దోషమేనా? బళ్లారి వారమైన మనకు దీని సమాధానము చేతికందునంత దగ్గరలో నున్నది. ధర్మవరము రామకృష్ణాచార్యులవారును, కోలాచలము శ్రీనివాసరావుగారును నాటకములు వ్రాసి ఆడించిన ఊరిది. బళ్లారి రాఘవ దుర్యోధనుడుగా రంగమునకు వచ్చినపుడు కథ యెట్లు ముగియునో తెలియని ప్రేక్షకు డొక్కడైన నుండెనా? కథ తెలిసినదే, పాత్ర తెలిసినదే. తెలిసిన చట్రములో నటుడేమి చేయునో చూచుటకే జనులు బండ్లు కట్టుకొని వచ్చిరి. వీరగల్లును కూడ అట్లే చూడవలెను. మూడంతస్తులు చట్రము. అందు శిల్పి యెచట ఆగినాడు, దేనికి చోటు ఎక్కువ యిచ్చినాడు, దేనిని విడిచినాడు అనునదే మనము చూడవలసినది.

ఆ దృష్టితో చూచినచో నూరు రాళ్లు నూరు విధములుగా మాటలాడును. మండ్య మండలములోని ఆతకూరు రాతిని తలచుకొనుడు. క్రీస్తుశకము 949-950 ప్రాంతపుది. తక్కోలపు యుద్ధమును, రాష్ట్రకూట మూడవ కృష్ణుని, గాంగ బూతుగుని పేర్కొను చరిత్రకెక్కిన శాసనమది. కాని రాతి నడుమ శిల్పి చెక్కినది రాజును కాదు, చోళులతో పోరును కాదు. ఒక అడవిపందితో పెనగుచున్న వేటకుక్కను. దాని పేరు కాళి. యుద్ధమున మెప్పు పొందిన మణలేరుడు బహుమానముగా ఆ కుక్కనే కోరి తీసికొనెననియు, అది పందితో పోరి, పందియు తానును కలిసి మడిసెననియు శాసనము చెప్పుచున్నది. దాని రాతికి పూజ జరుగుటకై భూమిని సైతము విడిచిరి. సామ్రాజ్యముల వార్త అక్షరములలో, కుక్క చావు శిల్పములో! ఏది రాతిపై కంటికి ముందు తగులవలెనో ఆ శిల్పికి బాగుగ తెలియును.

బేగూరునుండి బెంగుళూరు మ్యూజియమునకు చేరిన మరియొక రాయి దీనికి పూర్తిగా భిన్నము. నాగత్తరుడను సామంతుడు నొళంబుల వీరమహేంద్రునితో తుంబెపాడిలో పోరి మడిసిన వృత్తాంతమది. అందు మూడంతస్తుల పద్ధతి లేదు. ఏనుగులు, గుఱ్ఱములు, భటులు ఒకరిపై నొకరు త్రొక్కిసలాడుచు రాతినంతను నింపివైచిరి. స్వర్గమునకు అచట చోటే చాలలేదు. ఒకే యచ్చనువారు ఈ రెండు రాళ్లను ప్రక్క ప్రక్కన నిలిపి చూతురుగాక.

వీరగల్లులయందు మేము మెచ్చెడు మరియొక గుణము కలదు. రాజుల శాసనములలో కానరాని మనుష్యులు ఇందు కనబడుదురు. ఊరి తలారి, కాపు, బోయ, సేవకుడు, పులితో పోరినవాడు, ఊరి స్త్రీల మానము కాచుటకై మడిసినవాడు. చచ్చినవాని కుటుంబమునకు కన్నడ శాసనములలో 'నెత్తరుగొడగి' యను పేర భూమి యిచ్చుట కలదు. అనగా నెత్తుటి మాన్యము. ఆ పొలమును దున్నినప్పుడెల్ల కొడుకునకు తండ్రి జ్ఞాపకము రాకమానదు. వీరగల్లు కేవలము కీర్తి కాదు. బ్రదికియున్నవారికి ఊరు చెల్లించిన ఋణపత్రము కూడ.

కాని మెచ్చుకోలు ఇచట కొంత నిలిపివేయవలసియున్నది. వీరగల్లు ప్రక్కనే పెక్కుచోట్ల మాస్తికల్లు, అనగా మహాసతికల్లు, నిలిచియుండును. ఒక స్తంభమునుండి వెలువడి, మోచేతికడ వంగి పైకెత్తిన చేయి, చేతినిండ గాజులు, వ్రేళ్ల నడుమ నిమ్మపండు. శిల్పదృష్టితో చూచినచో ఇంత తక్కువ గీతలతో ఇంత యర్థము చెప్పిన సంకేతము మరియొకటి లేదు. పసుపుకుంకుమలు చెదరలేదని ఆ గాజుల చేయి చెప్పుచున్నది. అయితే ఆ చేతి వెనుక నున్న స్త్రీ యెక్కడ? ముఖము లేదు. మాట లేదు. పెక్కింట పేరైనను లేదు.

మైసూరు మండలమున బేలతూరులో క్రీస్తుశకము 1057 నాటి శాసన మొకటి కలదు. అందు దేకబ్బె యను యువతి కథ కావ్యమువలె వ్రాయబడినది. ఆమె భర్త యేచుడు రాజాజ్ఞకు బలియైనాడు. తండ్రియు బంధువులును వలదని వేడుకొన్నను ఆమె అగ్ని చొచ్చినది. ఆ శాసనము చదువదగినది. అందలి రచన గొప్పది. దానిని చదివి ఆమెకు నమస్కరింపుమని చెప్పుట మాత్రము మా చేత కాదు. వలదని యేడ్చిన తండ్రి మాట కూడ ఆ రాతియందే యున్నది గదా! తొమ్మిదివందల యేండ్ల క్రిందటనే ఆ చావు కొందరి కైనను ఒప్పు గాదని తోచినదనుటకు అదియే సాక్ష్యము. సహగమనమును 1829లో బెంగాలునందును, 1830లో మద్రాసునందును నిషేధించిరి. 1987 నాటి చట్టము దానిని కీర్తించుటనే నేరము గావించినది. మాస్తికల్లును కాపాడవలెను, చదువవలెను, పిల్లలకు చూపవలెను. గుడి కట్టరాదు. కళకు మెప్పు, కార్యమునకు ఖండనము, రెండును ఒక్క మనసులో నుండుట కష్టమే. విమర్శకుని పని యదియే.

శ్రీశైలమున 1378 ప్రాంతమున అనవేమారెడ్డి కట్టించిన వీరశిరోమండపమును గూర్చియు ఇదే మాట. భక్తులు అచట తమ శిరస్సులను, నాలుకలను తామే కోసికొని యర్పించిరని శాసనము. దానిని చూచి గగుర్పాటు పొందనివాడు లేడు. గగుర్పాటు భక్తి యగునా యని మాత్రము ఎవరికి వారే ప్రశ్నించుకొనవలెను.

మరియొక లోపము వీరగల్లులన్నింటికిని సామాన్యము. శత్రువును చిన్నవానిగా చెక్కుట. మన వీరుడు తాటిచెట్టంత, ఎదుటివాడు మోకాలెత్తు. కాని ఆ మోకాలెత్తువాడు తన యూరి పొలిమేరలో మరియొక రాతిపై తాటిచెట్టంత యై నిలిచియుండవచ్చును. ఒక రాతిని చూచి చరిత్రను వ్రాయువాడు సగము చరిత్రనే వ్రాయును. పల్నాటి కథ విన్నవారికి ఇది చెప్ప నక్కరలేదు. కారెంపూడి వీరుల గుడిలో తరతరములుగా ఆయుధములకు పూజ జరుగుచున్నది. ఆ పోరున పడినవారిరుపక్షములును దాయాదులే గదా!

ఇచట మా సీమవారికి మనసున మెదలు ప్రశ్న యొకటి కలదు. ఈ రాళ్లెవరివి? బళ్లారి ప్రాంతపు శాసనములలో మిక్కిలి భాగము కన్నడము. మద్రాసు రాజధానిలోని కన్నడ శాసనములను 1939లో దక్షిణ భారత శాసనముల తొమ్మిదవ సంపుటముగా ప్రకటించినపుడు, అందు మా మండలపు శాసనములు పెక్కు చేరినవి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము వెలసినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు పోయినవి. బళ్లారి మైసూరున నిలిచినది. ఆనాటి వాదప్రతివాదములలో రాళ్లను కూడ సాక్షులుగా పిలిచినవారు ఇరువైపులను లేకపోలేదు. ఆనాటి వేడి చల్లారినది. ఇండ్లలో తెలుగు, వీధిలో కన్నడము మాటలాడుచు తరములు గడచినవి. కాని వీరగల్లు కంటబడినపుడు 'ఇది వారిది, మనది కాదు' అని మనవారు తప్పుకొనిపోవుట మేము చూచుచునే యున్నాము.

ఇది చరిత్రకు సరిపడని మాట. నొళంబవాడిని ఏలిన నొళంబుల రాజధాని హేమావతి నేడు ఆంధ్రదేశమున నున్నది. అచటి శాసనములు కన్నడము. సోరెమడి యుద్ధమున పడిన వీరుల రాళ్లు చిత్తూరు, కడప ప్రాంతములలో గలవు. ఆ కాలపు వీరశిలలు కొన్ని తెలుగున, కొన్ని కన్నడమున నున్నవి. లిపి మాట చెప్పనేల? ఆ నాళ్లలో రెండు భాషలకును లిపి యొక్కటే. పండితులు దానిని తెలుగు-కన్నడ లిపి యనియే పిలుతురు. మన పిల్లవాడు కొంచెము శ్రమపడినచో ఆ యక్షరములను కూడబలుకుకొని చదువగలడు. కాబట్టి ఆ రాతిముందు మనము పరాయివారము కాము.

దూరదేశపు ఉదాహరణ మొకటి యిచట మనకు మేలుచేయును. బ్రిటను దీవి పడమటి చెఱగున వేల్సు దేశమున్నది. అచటి చర్చి ప్రాంగణములలో 5, 6 శతాబ్దములనాటి సమాధిశిలలు నేటికిని నిలిచియున్నవి. అవి వీరగల్లులవలె కథను బొమ్మలలో చెప్పవు. మృతుని పేరును, తండ్రి పేరును చెప్పును. నైరుతి వేల్సున ఆ కాలమున ఐర్లండునుండి వచ్చి కాపురములున్నవారు కలరు. వారి రాళ్లపై లాటిను అక్షరములతోపాటు, రాతి అంచున గాట్లు పెట్టి వ్రాసెడు ఓగం అను ఐర్లండు లిపియు కలదు. నెవెర్న్ అను ఊరి చర్చి ప్రాంగణమున విటాలియానస్ అనువాని శిల అట్టిది. పరదేశమున స్థిరపడినవారు తమ మృతుని పేరును రెండు లిపులలో వ్రాసికొనిరి. ఇంటి భాషను విడువలేదు. ఊరి యక్షరమును కాదనలేదు. వారి సంతతి నేడు వేల్సు జనములో కలిసిపోయినది. ఆ రాళ్లను ఎవరును 'పరాయివి' అనుట లేదు. అవి ఆ దేశపు గర్వకారణములే.

ఆ నెవెర్న్‌లోనే మరియొక సంగతి. మాగ్లోకునస్ అనువాని శిల, రెండు లిపులును గలది, చర్చి కిటికీ గుమ్మపు పలకగా అమర్చబడియున్నది. ఒకానొక కాలమున మేస్త్రీకి పొడుగాటి రాయి కావలసివచ్చినది. సమాధిశిల చేతికి దొరకినది. కావున రాళ్లయెడల అలక్ష్యము మన యొక్కరి సొత్తు కాదు. భేదమెచటనున్నదనగా, వారు తరువాత లెక్కవేసికొనిరి. 1950లో నాష్ విలియమ్సుగారు వేల్సు శిలలన్నింటిని ఒక గ్రంథమున చేర్చిరి. అది చాలదని 2007 నుండి 2013 వరకు మూడు బృహత్సంపుటములుగా మరల ప్రకటించిరి. ఏ రాయి యెచటనున్నది, ఎంత యెత్తు, ఏ మూల విరిగినది అన్నియు అందున్నవి. మన దేశమున సెట్టరుగారును, సోంథైమరుగారును 1982లో స్మారకశిలలపై వెలువరించిన సంకలనము దారి చూపినది. దానివెంట ఊరూరి పట్టిక రావలసియున్నది. అక్షరములున్న రాళ్లు శాసనసంపుటములలోనైన బ్రదికినవి. అక్షరము లేని రాతికి ఆ యాశ్రయము తక్కువ. చదువుకొన్నవారము మనము బొమ్మను చదువుట మరచి అక్షరమునే చదువుట నేర్చితిమి గనుక, మూగరాళ్లు రెండవసారి మడియుచున్నవి.

ఈ తప్పు మాది కూడ. మా పెద్దల యింటి పెరటిలో బావికడ బట్టలుతుకు బండ యొకటి యుండెడిది. చిన్ననాట దానిపై కూర్చుండి నీళ్లు పోసికొన్నాము. అది కొంచెము గరుకుగా నుండుటచే మురికి బాగుగ వదలునని యింటివారు దానిని మెచ్చుకొనెడివారు. పెద్దవారమై, నాలుగూళ్ల రాళ్లు చూచివచ్చిన పిదప నొకనాడు ఆ బండపై ప్రొద్దుటి యెండ యేటవాలుగా పడగా చూచితిమి. మేము గరుకులనుకొన్నవి అప్సరసల మోకాళ్లు, మోచేతులు. పైభాగమున లింగము పోలిక నిలిచియున్నది. అడుగు అంతస్తు మాత్రము పూర్తిగా అరిగిపోయినది. ఆ వీరుడు దేనికొరకు పోరినాడో, మంద కొరకో ఊరి కొరకో, ఎవరును ఇక చెప్పలేరు. స్వర్గము మిగిలినది, పోరు చెరిగిపోయినది. దానిని చెరిపినవి శత్రువుల కత్తులు కావు, మా యింటి చీరలు, పంచెలు. ఆనాటినుండి ఆ రాయి గోడకు చేరవేయబడి నిలువుగా నున్నది. అంతకుమించి దానికి మేము చేయగలిగినది లేకపోయినది.

రాళ్లను మ్యూజియమునకు తరలించుట మేలా, ఉన్నచోటనే యుంచుట మేలా యని పలువురు వాదింతురు. నాగార్జునసాగరము నీరు ముంచివేయుననగా 1954 నుండి 1960 వరకు త్రవ్వి నాగార్జునకొండ శిల్పములను పైకి తరలించిరి. అది తప్పనిసరి, లేనిచో ఛాయాస్తంభములు నీటి పాలగుచుండెను. ఆతకూరు రాయి మ్యూజియములో నున్నందున క్షేమముగా నున్నది. అయినను వీరగల్లు తన పొలిమేరనుండి కదలినచో సగము అర్థము కోల్పోవును. ఇచ్చట మంద ఆగినది, ఇచ్చట వాడు పడినాడు అని చెప్పుటకే దానిని అచట పాతిరి. కాబట్టి ప్రమాదము లేనంతవరకు ఉన్నచోటనే యుంచి, ప్రమాదము కలిగినపుడు దగ్గరి యూరిలోనే నీడకు చేర్చుట మంచిదని మా యభిప్రాయము. వేల్సున మార్గం అను చోట చర్చి చెంతనున్న పాత బడి కట్టడమునే శిలాప్రదర్శనశాలగా మార్చుకొనిరి. మన ఊళ్లలోను పాత బడులున్నవి, చావిళ్లున్నవి.

పల్లెలో కొందరు వీరగల్లుకు నూనె పూసి, పసుపు రాచి, వీరన్నయనియో వీరభద్రుడనియో పిలిచి కొబ్బరికాయ కొట్టుదురు. పండితులు దీనిని తప్పుపట్టుదురు. నిజమే, నూనె పొరల క్రింద శిల్పము మసకబారును, రంగు డబ్బా తెచ్చి పూసినచో మరింత చేటు. అయినను న్యాయముగా నొక మాట చెప్పవలెను. పూజించిన రాయి ఊరిలో మిగిలినది. పూజింపని రాయి కాలువ గట్టున అడ్డుపలకయైనది. చదువురాని ముసలమ్మ వేసిన పసుపు, చదువుకొన్న మా యలక్ష్యముకంటె ఆ వీరునికి ఎక్కువ మేలుచేసినది.

ఇక మనము చేయదగినదేమి? పెద్ద పనులు ప్రభుత్వశాఖలు చేయవలెను. చిన్న పనులు మన చేతిలోనే యున్నవి. ప్రతి కుటుంబమువారును తమ పూర్వుల యూరికి పోయినపుడు అచటి నిలువు రాళ్లను ప్రొద్దున గాని సాయంకాలమున గాని, ఎండ యేటవాలుగా పడు వేళ, చూడుడు. ఎచటనున్నది, ఎన్ని అంతస్తులు, అడుగున మంద యున్నదా, పైన లింగమున్నదా జినుడున్నాడా, అక్షరములున్నవా అని వ్రాసికొనుడు, ఛాయాచిత్రము తీయుడు. సుద్దతో గీతలు దిద్దవలదు, ఆమ్లముతో కడుగవలదు. ఆ యూరి పెద్దలనడిగి ఆ రాతిని వారేమని పిలుతురో ఆ పేరునే వ్రాయుడు. తెలుగు పేరైనను, కన్నడ పేరైనను అదియే దాని యసలు పేరు. అట్టి పుటలు నూరు చేరినచో మన సీమ వీరగల్లుల పట్టికకు అదియే శ్రీకారము.

కప్పగల్లు కొండపై మొదలిడితిమి, అచటనే ముగింతము. ఆ కొండమీది యెద్దును చెక్కినవాని భాష మనకు తెలియదు. అది తెలుగు కాదు, కన్నడము కాదు. వాని మాటలలో నొక్కటియు మన చెవికి చేరలేదు. అయినను ఆ యెద్దు మన యెద్దే యని చూచిన ప్రతివాడును తెలిసికొనును. చెక్కినవాని భాష నడిగి ఆ యెద్దును మెచ్చినవాడు లేడు. ఊరి పొలిమేర వీరునియెడల మాత్రము మనమెందుకు ఆ ప్రశ్న వేయవలెను? మందను కాచుచు పడినవాడు మందయున్న వారందరికిని చుట్టమే. ఆ చుట్టరికము నిలుపుకొనుటకు మనము చేయవలసిన మొదటి పని, మన పెరటి బండను ఒకమారు తిరుగవేసి చూచుట.